మెట్ల మీద సాక్ష్యం

మన్సూరాబాద్‌లో తొమ్మిదేళ్లు ఒకే ఇంట్లో కిరాయికున్నాం. ఓనరుది ఆ ఊళ్లో పాత వ్యవసాయ కుటుంబం. భార్యాభర్తలిద్దరూ పైన, మేము కింద. వాళ్లను పెద్దనాయన, పెద్దమ్మ అనే పిలిచేవాళ్లం. ఓ ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి ఆయన గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

"కింది పోర్షన్ మాకు కావాలె బిడ్డా. మీ పెద్దమ్మకు మెట్లెక్కుడు అయితలేదు."

మా అమ్మాయి అప్పుడు పదో తరగతి. ముందుగదిలో నా కుట్టుమిషన్. పైగా కొత్త ఇల్లు వెతకబోతే మేము ఏ మతమో, ఏం తింటామో అడిగి తలుపు వేసేవాళ్లే ఎక్కువ. "పరీక్షలయ్యేదాక ఆగుండ్రి" అని బతిమాలాను. ఆయన ఆగలేదు. సొంత అవసరానికి ఇల్లు కావాలని రెంట్ కంట్రోల్ కోర్టులో కేసు వేశాడు.

అప్పటినుంచి గేటు చప్పుడైతే చాలు, ఇంకేదో కాగితం తెచ్చారేమోనని మిషన్ ఆపేసి చూసేదాన్ని.

మా వకీలు కోస్తా మనిషి. "ఆవిడ రోజూ మెట్లెక్కి దిగుతోందని చెప్పండి చాలు. వాళ్ల అవసరం నిజం కాదని తేలితే మిమ్మల్నెవరూ కదపలేరు" అన్నాడు.

"ఒక్క మాటనే గదా, బిడ్డ చదువు చూడు" అన్నాడు మా ఆయన.

నేనూ సరేనన్నాను. నా సాక్ష్యానికి వారం ముందు, మధ్యాహ్నం బట్టలు ఆరేయడానికి పైకి పోతుంటే, పెద్దమ్మ సగం మెట్ల మీద కూర్చుని కనబడింది. పైకీ పోలేకపోతోంది, కిందికీ రాలేకపోతోంది. కాళ్లు వణుకుతున్నాయి. నడుం పట్టి లేపి ఇంట్లో దిగబెట్టాను.

"మీ పెద్దనాయనకు చెప్పకు. మల్ల పరేషాన్ అయితడు" అంది. కేసు ఊసే ఎత్తలేదు.

ఎల్బీనగర్ కోర్టులో బోనెక్కాను. వాళ్ల వకీలు అడిగాడు: "ఆమె మెట్లెక్కగలదా?"

మా ఆయన నావైపే చూస్తున్నాడు.

"ఆమెతోని కాదు సార్. మొన్న నేనే పట్టుకొని ఎక్కిచ్చిన."

మా వకీలు ఫైలు మూసేశాడు. తీర్పు వాళ్లకే వచ్చింది. పరీక్షలయ్యేదాకా మాత్రం జడ్జిగారు గడువిచ్చారు. అమ్మాయి పాసైంది. మేము బడంగ్‌పేట్‌కు మారాం. జాకెట్లు కుట్టించుకునే పాతవాళ్లు ముగ్గురో నలుగురో తప్ప ఇంకెవరూ అంత దూరం రాలేదు. కొత్త ఓనరు పైనే ఉంటాడు. ఆయన కిందికి దిగి వస్తుంటే ఇప్పటికీ మిషన్ ఆపేసి, ఎందుకొస్తున్నాడోనని చూస్తాను.