బంతి మాది, కాళ్లు మిల్లువి

నేను ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి కోడలిగా వచ్చిన కొత్తలో మా మామ సగం బెల్లం వ్యాపారం, సగం ఫుట్‌బాల్ చేసేవాడు. అంతకు ముందు ఏడు బెల్లం పని మీద హైదరాబాద్ వెళ్ళినప్పుడు ఎవరో ఆయన్ని ఒక మైదానానికి తీసుకుపోయారట. అక్కడ ఆట చూసి, తిరుగు రైల్లో ఒక తోలు బంతితో దిగాడు. ఆ బంతిని ఆయన బతుకులో ఒక్కసారి కూడా తన్నలేదు. తన వయసుకు అది తగదనేవాడు. కానీ బంతి తనది కాబట్టి దాని వెంట ఉరికే పదకొండు మందీ తనవాళ్ళేనని గట్టిగా నమ్మాడు.

ఆ పదకొండు మందిలో మా ఆయన ఒకడు. ముందు వరుసలో నడిమిన ఆడేవాడు. మిగిలిన వాళ్ళలో చాలామంది స్టేషన్ దగ్గరి రైస్ మిల్లులో బస్తాలు మోసేవాళ్ళు. ఊళ్ళో టపా పంచే ఆయన కుడి పక్కన ఆడేవాడు. ఆయనకు పరుగు మొదలుపెట్టడం వచ్చు గాని ఆగడం రాదు. మైదానం దాటి జొన్నచేను దాకా వెళ్ళి, అక్కడి నుంచి నడుచుకుంటూ వచ్చేవాడు.

ఆట పొద్దు గూకక ముందే అయిపోయేది. వాదన మాత్రం ఆ తర్వాతే, మా ఇంటి అరుగు మీద మొదలయ్యేది. దానికి కారణం రెఫరీ. ఊళ్ళో ఈల ఊదే సీటీ ఉన్నది పోలీసు అమీన్ సాబ్ ఒక్కడి దగ్గరే. కాబట్టి ఆయనే రెఫరీ. అమీన్ సాబ్ సీటీ ఊదితే, ఎందుకు ఊదావని అడిగే ధైర్యం ఎవరికుంటుంది? మైదానంలో అందరూ తలలు వంచి "జీ హుజూర్" అనేవారు. మా అరుగెక్కిన తర్వాత తలలెత్తేవారు.

"గది ఫౌల్ ఎట్లయితది? వాడే వచ్చి మనోని మీద పడె."

"అమీన్ సాబ్ నోట్లె పాన్ ఉండె. గందుకే సీటీ జెల్ది ఊదలే."

"జర మెల్లగ మాట్లాడు. జవాను పోతున్నడు."

నేను తలుపు వెనక బియ్యం ఏరుకుంటూ ఇవన్నీ వినేదాన్ని. రెఫరీ సంగతి తేలాక ఆటగాళ్ళ వంతు వచ్చేది. అప్పుడు మా మామ సొంత కొడుకని కూడా చూసేవాడు కాదు.

"పెండ్లయినంక వాడు మెత్తబడ్డడు" అన్నాడు ఒకరోజు. "నిరుడు బంతి దొరికితే తుపాకి గుండు లెక్క కొట్టేటోడు. ఇప్పుడు పసిపిల్లను పండవెట్టినట్టు పెడుతున్నడు."

"కోడలు ఏ ఊరామె?" అని అడిగాడు రైస్ మిల్లు సేటు. పెండ్లికి వచ్చి భోజనం చేసి పోయినవాడే.

"ఎల్లారెడ్డి."

"ఇగ నేను చెప్పేదేముంది."

ఎల్లారెడ్డిలోనూ ఒక జట్టుంది. దానికి గోల్ కాసే గోలీ మా తమ్ముడే. అంటే, నేను కావాలని పప్పులో నెయ్యి ఎక్కువ పోసి మా ఆయన్ని బరువెక్కిస్తున్నానని సేటు అనుమానం. అరుగు మీద ఒక్కరూ నవ్వలేదు. అందరూ ఆలోచనలో పడ్డారు. నాకు చేటలో బియ్యం కనబడలేదు, కోపంతో కండ్లలో నీళ్ళు తిరిగాయి. అంతలో మా అత్తమ్మ గడప దాటి బయటికి వెళ్ళింది.

"నెయ్యి గిన్నె నా చేతుల ఉంటది. పోసేది నేను. నా కొడుకును నేనే చెడగొడుతున్ననంటే నా మొఖం చూసి చెప్పుండ్రి."

సేటు చెప్పులు వెతుక్కుంటూ అరుగు దిగాడు. అయినా ఆ మరునాటి నుంచి మా ఆయన నెయ్యి పోయబోతే కంచానికి చెయ్యి అడ్డం పెట్టడం మొదలుపెట్టాడు. నేను చాలా రోజులు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు.

ఆ చలికాలం ఎల్లారెడ్డి జట్టు కామారెడ్డికి ఆటకు వచ్చింది. గోల్‌కు నిలబెట్టిన గుంజలు మా అత్తమ్మవి. కొట్టం ముందు పందిరి వేయించాలని ఆమె దాచుకున్న టేకు గుంజల్ని మా మామ అడగకుండా పట్టుకుపోయాడు. అందుకని ఆమె గూడు బండి కట్టించి, నన్ను వెంటబెట్టుకుని మైదానానికి వచ్చింది. బండిని సరిగ్గా మా తమ్ముడి వెనక ఆపించింది. ఆమె వచ్చింది ఆట చూడటానికి కాదు, గుంజల్ని చూసుకోవడానికి.

ఇరువైపులా ఒక్క గోల్ కూడా పడలేదు. ఇక అయిపోతుందనగా మా ఆయన ఒక బంతి కొట్టాడు. మెత్తబడ్డ కాలు కాదు అది. బంతి వెళ్ళి గుంజకు తగిలింది. గుంజ బయటికి ఒరిగింది. అది నిలబడి ఉన్న చోట్లోంచే బంతి దూరి, వచ్చి మా బండి చక్రం దగ్గర ఆగింది.

"గోల్" అన్నాడు మా ఆయన.

"గుంజ జాగల కెళ్లి పోయింది బావా" అన్నాడు మా తమ్ముడు. "గుంజ జాగ గోల్ ఎట్లయితది?"

"గుంజ ఒరిగింది గదా. ఒరిగినంక హద్దు అదే."

"అట్లయితె గుంజను ఊరవతల పాతుకొని ఆడుండ్రి."

మా అత్తమ్మ బండి దిగి ఇద్దరి మధ్యకు వెళ్ళింది. "ముందు నా గుంజ పగిలిందా ఏంది, అది చూడుండ్రి" అంది.

అమీన్ సాబ్ అవతలి కొస నుంచి తీరుబడిగా నడిచి వచ్చాడు. బంతిని చూశాడు, గుంజను చూశాడు, మా అత్తమ్మను చూశాడు. సీటీ ఒక్కసారి ఊది, "ఆట ఖతం" అన్నాడు. గోల్ అవునో కాదో చెప్పకుండా గుర్రమెక్కి వెళ్ళిపోయాడు.

అప్పటి నుంచి మా అరుగుకు తెరిపి లేకుండా పోయింది. భూముల లెక్కలు చూసే పట్వారీ వచ్చి, హద్దు రాయి ఒరిగినంత మాత్రాన చెలక పెరగదని చెప్పాడు. "నువ్వు ఏ ఊరి పట్వారివి?" అని మా మామ ఆయన్ని లేపి పంపించాడు. తర్వాత సంగతి తేల్చడానికి వాకిట్లో గుంజ పాతారు. బంతి పాడవుతుందని దానికి బదులు గుమ్మడికాయను విసిరి చూశారు. గుంజ కదల్లేదు. గుమ్మడికాయ పగిలి, రెండు పూటలూ మాకు కూరయింది.

చివరికి నన్ను పిలిచారు.

"బండిల కెళ్లి నువ్వు అందరికన్న దగ్గరగ చూసినవ్ బిడ్డా" అన్నాడు మా మామ. "భయపడకు. ఉన్నదున్నట్టు చెప్పు."

మా ఆయన నా వైపే చూస్తున్నాడు. అవునంటే మా తమ్ముడు ఇక నా గడప తొక్కడు. కాదంటే నెయ్యి సంగతి మళ్ళీ లేస్తుంది. అదృష్టం కొద్దీ నేను నిజమే చెప్పే వీలుంది.

"నేను బంతిని చూడలే మామా. అత్తమ్మ 'గుంజ, గుంజ' అని నా తల పట్టుకొని తిప్పింది. నేను గుంజనే చూసిన."

"మంచిది. గుంజ ఏం చేసింది?"

"బెదిరింది మామా."

మా ఆయనే ముందు నవ్వాడు. ఆ నవ్వుతో మా ఇద్దరికీ మళ్ళీ మాటలు కలిశాయి.

ఒక సాయంత్రం అమీన్ సాబ్ ఆ దారిన పోతూ మా అరుగు మీద కూర్చున్నాడు. అరుగు మీది మాటలు టక్కున ఆగిపోయాయి. ఆయన చాయ తాగి, కప్పు కింద పెట్టి, "మొన్నటిది గోలా, కాదా?" అని అడిగాడు.

"హుజూర్ ఏదంటే అదే" అన్నాడు మా మామ.

"గదే నా కష్టం. ఏం అన్నా జీ అంటరు. నాకు గుంజ సరిగ కనపడలే, దూరమున్న. ఒక్కరన్న నాతోని కొట్లాడితే నాకు తెలుస్తుండె." కాసేపు చూశాడు. ఎవరూ కొట్లాడలేదు. చిన్నబోయిన ముఖంతో లేచి వెళ్ళిపోయాడు. ఆయన మలుపు తిరిగాక మళ్ళీ వాదన మొదలైంది.

ఈ గొడవలోంచే ఇంకో గొడవ పుట్టింది. కామారెడ్డి గోల్ కొట్టిందని మా మామ ఊరంతా చెప్పుకుంటుంటే, మాటిమాటికీ "నా జట్టు, నా జట్టు" అనడం మిల్లు సేటుకు నచ్చలేదు.

"బంతి నీది కావచ్చు" అన్నాడు సేటు. "కాళ్లు నావి. పొద్దుందాక నా బస్తాలు మోసి గట్టిపడ్డ కాళ్లవి. కాళ్లు లేంది బంతి ఏం చేస్తది?"

"అయితె నీ కాళ్లను నువ్వు తీసుకపో. నా బంతి నా ఇంట్ల ఉంటది" అన్నాడు మా మామ.

సేటు నిజంగానే తీసుకుపోయాడు. మరునాడు సాయంత్రం మిల్లు వాళ్ళు మైదానంలో బంతి లేకుండానే ఆడారు. ఇటు నుంచి అటు ఉరికేవారు, గాలిని తన్నేవారు, ఒకరినొకరు తోసుకునేవారు. గట్టు మీద నిలబడి సేటు అప్పుడప్పుడు "గోల్" అని కేక పెట్టేవాడు. ఎవరు కొట్టారని ఒకసారి వాళ్ళలో వాళ్ళకే తగాదా వచ్చిందని మా ఆయన వచ్చి చెప్పాడు. ఇక్కడ మా మామ అరుగు మీద కూర్చుని బంతిని ఒళ్ళో పెట్టుకుని తోలుకు నూనె రాసేవాడు. మా ఆయన, టపా ఆయన చెరో గోడకు ఆనుకుని దాన్ని చూస్తూ కూర్చునేవారు.

ఈ లోపల ఎల్లారెడ్డి నుంచి కబురు మీద కబురు వస్తున్నది. మళ్ళీ ఆడదాం, మా ఊరికి రండి, మేం గట్టి గుంజలు పాతుతాం అని. బంతి కదలదు, కాళ్ళు కదలవు.

సరిగ్గా అప్పుడే మా అక్కకు కొడుకు పుట్టాడు. పిల్లవాణ్ణి ఉయ్యాల తొట్టెలో వేసే వేడుకకు నేను పుట్టింటికి బయలుదేరాను. మా అత్తమ్మ సకినాలు, అప్పాలు పెట్టి గంప కట్టి, సాగనంపడానికి బస్సు కిటికీ దాకా వచ్చింది. బస్సులో ఒళ్ళో పెట్టుకోబోతే గంప అడుగున ఏదో గుండ్రంగా తగిలింది.

"అత్తమ్మా, అడుగున ఏందిది?"

"గుమ్మడికాయ అనుకో. ఇంట్ల పీడ పోవాలె. ఆ ముసలాయన దాన్ని ఒళ్ళె పెట్టుకొని కూసుంటే చూడలేకపోతున్న."

ఎల్లారెడ్డిలో గంప విప్పితే సకినాల కింద నూనెతో మెరుస్తూ బంతి. మా తమ్ముడు దాన్ని ఎత్తుకుని ఇల్లంతా తిరిగాడు. తొట్టెలోని పిల్లవాణ్ణి కూడా అంత మురిపెంగా ఎత్తుకోలేదు.

బంతి కనబడక అత్తమ్మను నిలదీసి, మరునాటి బస్సులో మా మామ దిగాడు, వెనక మా ఆయన. బంతి ఎల్లారెడ్డికి చేరిందంటే మా మామ దాన్ని అటు వాళ్ళకు ఇచ్చేశాడేమోనని మిల్లు సేటు భయపడ్డాడు. ఆయన కూడా కాళ్ళన్నిటినీ వెంటబెట్టుకుని దిగాడు. ఇంతమంది వచ్చాక ఆట ఆడకుండా ఎట్లా?

రెఫరీ దగ్గర పేచీ పడింది. అమీన్ సాబ్ రాలేదు. కడకు ఎవరో మా బాపు పేరు చెప్పారు. గోలీ ఆయన కొడుకు, ఎదుటి ఆటగాడు ఆయన అల్లుడు, ఇద్దరికీ సమానంగా భయపడతాడు అని అందరూ ఒప్పుకున్నారు. సీటీ లేదు కాబట్టి ఎద్దు మెడలోని గంట చేతికిచ్చారు.

వాళ్ళు మరిచిపోయినదేమిటంటే, ఆడపిల్లను ఇచ్చిన ఇంటివాళ్ళ ముందు మా బాపు నోట కాదనే మాట రాదు. మా ఆయన కొట్టిన మొదటి బంతి గుంజకు చాలా దూరంగా పోయి గడ్డివాములో పడింది. మా బాపు గంట వాయించాడు.

"గోల్ బావా" అన్నాడు మా మామతో, వడ్డించేవాడిలా వంగి.

మా మామ సంతోషించాడు. రెండో బంతి మా తమ్ముడి చేతుల్లో పడింది. దానికీ గంట మోగింది. మా మామ ముఖంలో సంతోషం తగ్గింది. మూడో బంతి పూర్తిగా వెనక్కి పోయింది.

"గోల్ బావా."

"బావా, అది వెనుకకు పోయింది గదా" అన్నాడు మా మామ.

"పోనీ బావా. మా ఊర్ల మీ బంతి తప్పుపోతదా?"

"గిట్ల గెలిస్తే నేను మా ఊరికి పోయి ఏమని చెప్పుకోవాలె? అది గోల్ కాదు."

"మీరు మొహమాటపడకుండ్రి. గోలే."

అప్పుడు మిల్లు సేటు గట్టు దిగి వచ్చి మా మామ పక్కన నిలబడ్డాడు. "నేను కూడ చూసిన. కాదు" అన్నాడు. బంతి, కాళ్ళు అంటూ అన్నాళ్ళు కొట్లాడిన ఇద్దరూ, తమకు వచ్చిన గోల్ తమకొద్దని కలిసి కొట్లాడారు. మా బాపు చేతులు జోడించి ఇంకో రెండు ఇస్తానన్నాడు. మా తమ్ముడు గుంజకు ఆనుకుని కూర్చుని, "బాపూ, నేను ఇంటికి పోనా?" అని అడిగాడు. మా ఆయన వెళ్ళి అతని పక్కన కూర్చున్నాడు. గుంజ ఒరిగిన నాటి తర్వాత బావాబామ్మర్దులు మాట్లాడుకోవడం అదే మొదలు.

ఆఖరికి మా మామ మా బాపు చేతిలోంచి గంట లాక్కుని తానే రెఫరీ అయ్యాడు. పక్షపాతం అంటారేమోనని కామారెడ్డి వాళ్ళు బంతి ముట్టినప్పుడల్లా ఫౌల్ అని గంట కొట్టాడు. అలా చీకటి పడింది. ఎవరు గెలిచారో ఆ రోజూ తెలియలేదు. తిరుగు బస్సులో మా మామ, సేటు ఒకే బల్ల మీద బంతిని మధ్యలో పెట్టుకుని, చెరో చెయ్యి దాని మీద వేసి కూర్చున్నారట. మా ఆయన చెప్పాడు.

తర్వాత ప్రపంచ యుద్ధం వచ్చి రబ్బరుకు కరువొచ్చింది. బంతి లోపలి రబ్బరు సంచి పగిలిపోతే కొత్తది ఎక్కడా దొరకలేదు. ఆట ఆగిపోయింది. అరుగు మీది మనుషులు మాత్రం రావడం మానలేదు. ఈ ఆదివారం దోమకొండ జట్టు మీద ఆడి ఉంటే ఎట్లుండేదని ఎవరో అనేవారు. అక్కడి నుంచి ఎవరు ఎక్కడ ఆడేవారో, రెఫరీ ఎక్కడ తప్పు చేసేవాడో మాట్లాడుకునేవారు. గొంతులు లేచేవి.

అట్లాంటి ఒక ఆదివారం మా మామ అరుగు మీది నుంచి లేచి, ముఖం వేలాడేసుకుని లోపలికి వచ్చాడు. ఏమైంది మామా అన్నాను.

"దోమకొండ మీద ఓడిపోయినం బిడ్డా" అని పీట మీద కూర్చుని, అన్నం కొంచెమే పెట్టమన్నాడు.