కంబళి ఎలుగుబంటి

తొంభైల మొదట్లో, మా నిడుగల్లు కొండ కింద వానలు సరిగా లేని ఏడు. దసరా వేషం కోసం కంబళ్లు నేసే తిమ్మప్ప చేత నా కొలతలకు ఎలుగుబంటి తొడుగు చేయించుకున్నాను. ఆయన దాన్ని నాకు తొడిగి, తలకాయ కూడా తగిలించి, వీపున దబ్బనంతో కుట్టేశాడు.

"యాడన్నా బిగుతుగా ఉండాదేమో, నాలుగడుగులు నడిచి చూడప్పా" అన్నాడు.

ఆయన ఇంటి వెనకే వేరుశనగ చేను. కాయల కోసం ఎలుగుబంట్లు కొండ దిగి వస్తున్న రోజులవి. నేను గట్టెక్కానో లేదో, చెట్లు పీకుతున్న ఆడవాళ్లు కేకలు పెట్టారు. కాపలా మగవాళ్లు కట్టెలతో చుట్టుముట్టారు. ఎంత అరిచినా మందపాటి కంబళిలోంచి నా గొంతు గుర్రుమనే వినిపించింది. మనిషినని చూపడానికి రెండు చేతులూ పైకెత్తాను.

"లేసి నిలబడినాది! మీదికొస్తాది, కొట్టండప్పా!"

మీద పడేముందు ఎలుగుబంటి అలాగే లేస్తుందని నాకూ తెలుసు. భయంలో గుర్తుంటేగా! మొదటి దెబ్బ భుజం మీద పడింది. గబుక్కున బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. కట్టెలు గాల్లోనే ఆగాయి.

"ఎలుగ్గొడ్డు యాడన్నా బాసింపట్టేసుకొని కూచ్చుంటాదా?" అంది ఒక ముసలమ్మ.

తిమ్మప్ప పరుగున వచ్చాడు. ముందుగా తడిమింది నా భుజాన్ని కాదు, దాని మీది కుట్టును.

"ఏమీ ఊడలేదులేప్పా" అన్నాడు.

ఇప్పటికీ ఎక్కడ గొడవైనా నేను చేతులెత్తను. ముందు కూర్చుంటాను.