శ్రీశైలం ప్రాసెసర్ పంచాయితీ

మా శ్రీశైలం నలుగురిని అడగనిదే ఏ పనీ చేయడు. నలుగురన్నది మాటవరసకే, విచారిస్తే నలభై మంది తేలతారు. పెళ్లి పీటల మీద పంతులు తాళి చేతికిచ్చి కట్టమంటే, వెనక్కి తిరిగి, "అన్నా, కట్టాల్నా?" అని నన్నడిగిన మనిషి. మేళగాళ్లు అప్పటికే అందుకున్నారు కాబట్టి సరిపోయింది. పెళ్లికూతురు సునంద ఆ మాట విననే విన్నది. పదకొండేళ్లయినా మర్చిపోలేదు. కూర ఎలా ఉందని అడిగి, అతను జవాబు కోసం ఆలోచనలో పడితే, "పోయి మీ అన్ననడిగి రాపో" అంటుంది.

ఆ అన్నను నేనే. పేరు రాజశేఖర్. ఇబ్రహీంపట్నం బస్టాండు వెనక గల్లీలో కంప్యూటర్ రిపేరు షాపు నాది. ఎదురుగా శ్రీశైలం పిండి గిర్ని. పొద్దంతా గోధుమలు, జొన్నలు, మిరపకాయలు పడతాడు. గిరాకీ లేనప్పుడు వెనక గదిలో కంప్యూటర్ ముందు కూర్చొని పరదేశం రోడ్ల మీద పద్నాలుగు చక్రాల లారీ తోలుతాడు. మామూలుగా మోపెడ్ మీద సాగర్ రోడ్డు దాటాలంటే అటు నుంచి ఇద్దరినీ, ఇటు నుంచి ఇద్దరినీ సలహా అడిగే మనిషి, ఆటలో మాత్రం మంచుకొండల మీద నూట ఇరవైలో పోతాడు.

పోయిన ఏడాది ఉగాది దాటాక ఆ లారీ సతాయించడం మొదలుపెట్టింది. ఊళ్లోకి రాగానే బొమ్మ ఆగేది, కదిలేది, మళ్లీ ఆగేది. నేను చూసి ఒక్క నిమిషంలో తేల్చేశాను.

"గ్రాఫిక్ కార్డు మంచిదే శ్రీశైలం. ప్రాసెసర్ పాతది. అది మార్చాలె. దానితో పాటు మదర్‌బోర్డు కూడా."

"మార్చాల్నా అన్నా?"

"అవ్."

"సరే. జర అడిగి చెప్త."

ఆ 'జర' ఏడాదిన్నర సాగింది.

ముందు గిర్నికి వచ్చిన ఆడవాళ్లందరినీ అడిగాడు. గిర్ని మోతలో ప్రాసెసర్ అన్నది ఒకామెకు ప్రెషర్ అని వినపడి, ఉప్పు తగ్గించుకొమ్మని చెప్పి పోయింది. ప్లాట్లమ్మే ఎల్లేష్‌ను అడిగితే, "గా డబ్బాల పెడ్తే ఏమొస్తది? మహేశ్వరం దిక్కు ఒక వెంచరున్నది, చూస్తవా?" అన్నాడు. సిటీ బస్సు కండక్టర్‌ను అడిగితే, "నువ్వు ఎక్కుతున్నవా, దిగుతున్నవా? గది చెప్పు ముందు" అన్నాడు. అదీ తేల్చుకోలేక మనవాడు ఫుట్‌బోర్డు మీద నిలబడే తుర్కయంజాల్ దాకా పోయి వచ్చాడు.

ఇంజినీరింగు చదివే అక్షయ్ గంటసేపు ఇంగ్లీషులో చెప్పాడు. అంతా విని శ్రీశైలం, "మంచిగ చెప్పినవ్ తమ్మీ. మార్చమంటవా, వద్దంటవా?" అన్నాడు. అక్షయ్ ఆ తర్వాత రెండు నెలలు పక్క గల్లీ నుంచి తిరిగాడు.

చివరికి రుక్మాబాయి పెద్దమ్మ దగ్గరికి వచ్చింది పంచాయితీ.

గల్లీ చివరింటి రుక్మాబాయికి డెబ్బై దాటాయి. ఒకప్పుడు చుట్టుపక్కల ఏ ఊళ్లో పెళ్లయినా వంట ఆమెదే. గరిటె ఎత్తితే ఐదు వందల మంది తినాల్సిందే. కేటరింగువాళ్లు వచ్చాక పిలుపులు ఆగిపోయాయి. ఇంట్లో కోడలు భవాని మంచిది. పొయ్యి దగ్గరికి కూడా రానివ్వకుండా, "నువ్వు కూసో అత్తా, నేన్ చేస్త" అంటుంది. ఆమె కూర్చుంది. అలా కూర్చొని, కొన్నాళ్లకు గడప దాటడమే మానేసింది.

శ్రీశైలం ఒకరోజు గోధుమపిండి ఇచ్చే వంకతో ఆమె గడపలో కూర్చున్నాడు. అతని వెనకే నేనూ పోయాను, ఈ వేడుక చూద్దామని.

"పెద్దమ్మా, ప్రాసెసరంటే కంప్యూటర్‌కు వంటమనిషి అనుకో. ఇప్పుడు నా దాంట్ల నలుగురున్నరు. కొత్త దాంట్ల ఎనమండ్రుంటరట. తేవాల్నా, వద్దా?"

"వంట ఎంత మందికి?"

"నాకొక్కనికే."

"ఒక్కనికి ఎనమండ్రు వంటోళ్లా? ఏం రోగం పుట్టిందిరా నీకు?"

అయిపోయిందనుకున్నాను. మర్నాడు పొద్దున్నే, అరకిలో గోధుమలు పట్టుకొని ఆమే గిర్నికి వచ్చింది.

"రాత్రంత ఆలోచన చేసిన్రా. ఎనమండ్రొస్తే సరే. పొయ్యిలెన్ని? నాలుగే ఉంటే నలుగురు వండుతరు, నలుగురు ముచ్చట్లు పెడ్తరు."

నా చేతిలో చాయ్ గ్లాసు అలాగే ఆగిపోయింది. మదర్‌బోర్డు సంగతి నేను ఆర్నెల్లుగా చెప్తున్నది ఇదే. నా డిప్లొమా కాగితం షాపు గోడకు ఫ్రేము కట్టి మరీ వేలాడుతోంది.

ఆనాటి నుంచి రోజూ పదింటికి రుక్మాబాయి గిర్ని ముందు ప్లాస్టిక్ కుర్చీలో హాజరు. రోజుకో ప్రశ్న. "వేడెక్కుతదా? గాలాడుతదా? కరెంటు పోతే వండింది పాడైతదా?" శ్రీశైలం పరుగున వచ్చి నన్నడిగి, పరుగున పోయి జవాబు చెప్పేవాడు. ఆమె విని, "ఇంకో వారం ఆగు" అనేది. అతను తల ఊపేవాడు. ఆమె గొంతు మళ్లీ గల్లీ మొదటి దాకా వినపడసాగింది. భవాని ఇంట్లో చింతపండు పులుసు ఎలా పెట్టాలో కూడా ఇక్కడి నుంచే కేకేసి చెప్పేది.

అలా కాలం నడుస్తుండగా ఒక బుధవారం శ్రీశైలం ఒళ్లంతా పిండితో నా షాపులోకి వచ్చి పడ్డాడు.

"అన్నా, ఆగమైంది! పెద్దమ్మ మార్చమన్నది!"

"ఇంకేం, మార్చు."

"మార్చిన."

"ఎప్పుడు?"

"ఎనిమిది నెలలాయె."

నేను కుర్చీలోంచి లేచాను.

"ఊరందరినీ అడిగినవ్! బస్ కండక్టర్‌ను అడిగినవ్! ఈ ఒక్క పని మాత్రం నన్ను అడగకుండ చేసినవా?"

"నువ్వు మారిస్తే గల్లంత తెలుస్తది కదన్నా. అందుకే బోర్డు, ప్రాసెసర్ రెండూ ఆన్‌లైన్ల తెప్పిచ్చుకొని, వీడియో చూసి నేనే పెట్టుకున్న."

"తెలిస్తే ఏమైతది?"

అతను తల గోక్కున్నాడు. నా కౌంటరు మీద పిండి రాలింది.

"పంచాయితీ ఒడుస్తది. ఒడిస్తే పెద్దమ్మ ఎందుకొస్తది? ఐదు వందల మందికి వండిన మనిషన్నా! ఇప్పుడు ఉప్పు సరిపోయిందా అని కూడ ఆమెను ఎవ్వరడుగుతలేరు. నేనన్న అడుగుతనని..." అంటూ ఆగి, మళ్లీ, "శుక్రవారం పొద్దుగాల వస్తదట, దగ్గరుండి పెట్టిస్తదట. ఇప్పుడేం చేద్దామంటవ్?" అన్నాడు.

నాకు తిట్టాలనే ఉంది. కానీ స్క్రూడ్రైవర్ వెతుక్కున్నాను.

శుక్రవారం రుక్మాబాయి ఇస్త్రీ చీర కట్టుకొని వచ్చి, కంప్యూటర్‌కు బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. నేను ఆమెకు వీపు అడ్డం పెట్టి కొత్త ప్రాసెసర్ ఊడదీసి, శ్రీశైలం ముందే తెచ్చి ఇస్తే జేబులో దాచుకున్న పాతదాన్ని పైకెత్తి, "ఇదిగో, పాతది తీసిన" అన్నాను. తర్వాత ఆ కొత్తదాన్నే మళ్లీ కొత్తగా పెట్టాను. దాని మీద వేడి లాగే పేస్టు పిండుతుంటే వెనక నుంచి కేక.

"అంత పోస్తరారా? చపాతీకి నూనె రాసినట్టు సన్నగ రాయి!"

తుడిచి మళ్లీ రాశాను. అన్యాయం ఏమిటంటే, ఆమె చెప్పిందే రైటు.

ఆన్ చేశాం. లారీ సాఫీగా ఊళ్లోకి దూసుకుపోయింది. శ్రీశైలం రెండు చేతులూ నెత్తిన పెట్టుకొని, "అబ్బబ్బబ్బ! ఎంత ఫరక్! ఎంత ఫరక్!" అని అరిచాడు. అంత పాడు నటన నేను స్కూలు వార్షికోత్సవాల్లో కూడా చూడలేదు. సునంద నోట్లో కొంగు కుక్కుకొని బయటికి పరుగెత్తింది. రుక్మాబాయి మాత్రం పెద్దరికంగా తల ఊపి, "జర ఇంటి దాక తోలియ్యి బిడ్డా" అని నా చేయి పట్టుకుంది.

సగం గల్లీ నడిచాక మెల్లగా అన్నది.

"ఆ ప్రాసెసర్ డబ్బా వచ్చిన్నాడు గిర్నికి తాళమున్నదిరా. కొరియరోడు నా చేతికే ఇచ్చిండు. ఏందని అడిగితే చదివి చెప్పిండు కూడ. గిర్ని తలుపు కాడ పెట్టి, సప్పుడు చేయకుండ ఇంటికొచ్చిన."

నేను నడిరోడ్డు మీద ఆగిపోయాను. "ఎనిమిది నెలల సంది తెలుసా పెద్దమ్మా? మరి రోజూ ఎందుకొచ్చినవ్?"

"పొద్దంత ఆ మోతల ఒక్కడే ఉంటడు పిలగాడు. పలకరించేటోళ్లు లేకనే గట్ల కనపడ్డోన్నల్ల అడుగుతుండు, పాపం. మనం గూడ పోకుంటే ఎట్ల?"

ఇల్లు వచ్చింది. ఆమె గడపెక్కి, లోపల భవాని ఉందేమో తొంగి చూసి, గొంతు తగ్గించింది.

"వానికి చెప్పకు. రేపటిసంది మానిటర్ సంగతి అడగమని నువ్వే జర చెవులెయ్యి. ఊకెనే పోతే బాగుండదు కద!"