బీరువా అద్దంలో చిన్నమణి

గుడియాత్తం బజారులో సుబ్బరాయులు ఫోటో స్టూడియో పెట్టి నలభై ఏళ్లయింది. మొదటి ఇరవయ్యేళ్లు ఫిల్ము మీదే తీశాడు. పెళ్లికైనా సీమంతానికైనా లైటు పట్టుకోవడానికి భార్య చిన్నమణి వెంట వచ్చేది. ఆమె పోయి తొమ్మిదేళ్లు. ఇంట్లో ఉన్న ఆమె ఫోటో ఒక్కటే, బ్యాంకు పుస్తకం కోసం తీసింది. "నా మొగం ఎవురు జూస్తారులే" అంటూ ఎప్పుడూ కెమెరాకు అందేది కాదు.

మొన్న జూలైలో, ఆడి నెల మొదలయ్యాక, మగ్గం నేసే దినకరన్ ఫోను పట్టుకుని వచ్చాడు. అతని భార్య జీవిత చనిపోయి నెలైంది. ఫోనులోని బొమ్మను గోడకు తగిలించేంత పెద్దది చేయమన్నాడు. సుబ్బరాయులు కంప్యూటర్లో పెంచి చూపించాడు. పెంచేకొద్దీ జీవిత కళ్లు గళ్లుగళ్లుగా విడిపోయాయి.

"చీర నీలంగా ఉండాదే అన్నా! పెండ్లికి నేను నేసిచ్చింది వంకాయ రంగు గదా. మొగం గూడా తెల్లంగా జేసేసినాది ఈ ఫోను."

"మీ పెండ్లి తీసింది నేనే గదప్పా. నెగటివులు యాడో ఉంటాయి, ఉండు."

రేకు పెట్టెలో దొరికాయి. ఇద్దరూ వేలూరులో ఒక ల్యాబుకు వెళ్లారు. అక్కడ పనిచేసే లోకేశ్వరి నెగటివును స్కాన్ చేసింది. ఇరవయ్యారేళ్ల కిందటి జీవిత కనురెప్పల వెంట్రుకలతో సహా తెర మీదికి వచ్చింది. రంగులు మాత్రం ఎర్రబారిపోయాయి. దినకరన్ సంచిలోంచి ఆ పెళ్లిచీర తీసి తెర పక్కన పట్టుకున్నాడు. లోకేశ్వరి రంగులు సరిచేయబోతే, చీర వంకాయ రంగుకు తిరిగినప్పుడు మొహం పచ్చబడుతోంది. మొహం కుదిరితే చీర వెలిసిపోతోంది.

"మొగమే సరిగా పెట్టమ్మా," అన్నాడు చివరికి. "చీర ఇంట్లోనే ఉండాది."

అప్పుడు లోకేశ్వరి అంది: "సార్, వెనక బీరువా అద్దంలో ఎవరో ఉండారు. తీసేసేదా?"

సుబ్బరాయులు ముందుకు వంగాడు. ఆనాడు ఆల్బంలో పెట్టిన చిన్న ఫోటోలో అక్కడ తెల్లటి మచ్చ మాత్రమే కనిపించేది. ఇప్పుడు అద్దంలో చిన్నమణి, రెండు చేతులతో లైటు ఎత్తిపట్టుకుని. పెళ్లికూతుర్ని చూడటం లేదు. అతన్నే చూస్తోంది.

"ఇంకా పెద్దది చెయ్యమ్మా."

ఆమె ముఖం సన్నటి ఇసుకలా చెదిరింది. అది ఎక్కడ ముగిసిందో, చీకటి ఎక్కడ మొదలైందో అతనికి తెలియలేదు.

జీవిత ఫోటో దినకరన్ ఇంట్లో గోడకెక్కింది. సుబ్బరాయులు మాత్రం అప్పటినుంచి పాత నెగటివులన్నీ వెతుకుతున్నాడు. అద్దాలు, కిటికీలు, తోమిన బిందెలు. పద్నాలుగు చోట్ల ఆమె దొరికింది, ఒకచోట మోచేయి, ఇంకోచోట కొంగు. డిజిటల్ వచ్చాక తీసినవాటిలో ఒక్కటీ లేదు. ఆమె అడ్డొచ్చిన ప్రతి ఫోటోనూ పనికిరాదని అప్పటికప్పుడే చెరిపేసింది సుబ్బరాయులే.

ఇప్పుడు ఆదివారాలు దినకరన్ కూడా వచ్చి పక్కన కూర్చుంటాడు. మొన్న ఒక పెళ్లి నెగటివులో గోడ మీది నీడను చూపించాడు.

"ఇదో, అక్క!"

ఆ ఏడు చిన్నమణి కాన్పుకు పుట్టింట్లో ఉంది. ఆ పెళ్లికి ఆమె రాలేదు. సుబ్బరాయులు ఆ మాట చెప్పలేదు. ఆ నీడను కూడా దాచుకున్నాడు.