రెండో బేస్ దగ్గర కుశల ప్రశ్నలు

రఫీనో పెగేరో నోటికి మూత పడగా చూసినవాళ్లు బనీ ఊళ్లో లేరు. వీడు పుట్టగానే ఏడవలేదనీ, మంత్రసానిని ఏదో అడిగాడనీ వాళ్లమ్మ దోన్యా ఎనేరియా చెప్పేది. మనిషి పొట్టి. బ్యాట్ చేతికిస్తే అతను దాన్ని పట్టుకున్నాడో, అదే అతణ్ణి పట్టుకుని నిలబెట్టిందో తెలిసేది కాదు. కానీ నేలబారుగా వచ్చే బంతి ఏ రాయికి తగిలి ఎటు ఎగిరినా సరే, పేరు పెట్టి పిలిచిన కుక్కపిల్లలా వచ్చి అతని చేతుల్లో కూర్చునేది. పాలడబ్బా అట్ట చింపి చేసుకున్న గ్లవ్‌తో ఆట నేర్చిన చేతులవి.

అమెరికా బేస్‌బాల్ క్లబ్బులకు ఆటగాళ్లను వెతికిపెట్టే పెద్దమనిషి ఒకాయన సముద్రం దాటి మా దీవికి, బనీకి వచ్చింది మాత్రం రఫీనో కోసం కాదు, పక్కవీధి ఎల్పీడియో మోంతాస్ కోసం. ఎల్పీడియో గుమ్మంలో నిలబడితే ఇంట్లోకి వెలుతురు రాదు. బ్యాట్ పట్టినవాడి వెనక గొంతుక్కూర్చుని బంతి పట్టే క్యాచర్. మనసు మాత్రం వెన్న. పెద్దమనిషి కాగితాలు ముందు పెట్టగానే ఎల్పీడియో ఒకే షరతు పెట్టాడు. ఆ రెండో బేస్ దగ్గర వాగుతున్న పొట్టివాణ్ణి కూడా తీసుకెళ్తేనే తను వస్తానన్నాడు. అంత దూరం పోయాక తనతో మాట్లాడేవాళ్లు ఎవరుంటారని అతని బెంగ. పెద్దమనిషి నెత్తి కొట్టుకుని ఇద్దరి చేతా సంతకం పెట్టించాడు. అలా రఫీనో ఆట జీవితం ఎల్పీడియో పెట్టిన భిక్ష. ఈ మాట ఎల్పీడియో ఎన్నడూ అనలేదు. రఫీనోయే కనపడ్డవాళ్లందరికీ చెప్పుకునేవాడు.

అమెరికాలో ఎల్పీడియో మోకాలు తొందరగానే మొరాయించింది. అతను ఇంటిదారి పట్టాడు. రఫీనో ఒక్కడూ చిన్న ఊళ్ల జట్లలో మిగిలిపోయాడు. అక్కడి భాష నోటికి ఎక్కలేదు. మాట్లాడటానికి మనిషి లేక బంతితో మాట్లాడేవాడు, అన్నం గిన్నెతో మాట్లాడేవాడు. పెద్ద క్లబ్బులో సగం మంది ఏదో పాడైన చేప తిని మంచాన పడ్డప్పుడు అతనికి పిలుపు వచ్చింది. ఒక ఆట చివర్లో, కొట్టి అలసిపోయిన ఒక భారీ మనిషి బదులు పరుగు తీయమని రెండో బేస్ మీద నిలబెట్టారు. అవతలి జట్టు రెండో బేస్ ఆటగాడు, నెరిసిన జుట్టు ముసలాయన, దగ్గరికొచ్చి చల్లగా నవ్వుతూ ఏదో అడిగాడు. ఎన్నో నెలల తర్వాత ఒక మనిషి తనతో నవ్వుతూ మాట్లాడాడు. రఫీనోకు కళ్లు చెమర్చాయి. తలూపుతూ ఆయన వైపు ఒక అడుగు వేశాడు. ఆ అడుగు బేస్ దాటింది. బేస్ మీద కాలు లేనివాణ్ణి బంతితో తాకితే చాలు, వాడి పని అయిపోయినట్టే. ముసలాయన గ్లవ్‌లో దాచిన బంతిని తీసి మెత్తగా అతని భుజానికి ఆనించాడు. అవుట్.

మైదానం మైదానమంతా విరగబడి నవ్వింది. మర్నాడు అతణ్ణి వెనక్కి పంపించేశారు. పెద్ద లీగులో రఫీనో జీవితం, అంతా కలిపి, ఎసరు మరిగేంత సేపు. అతనికి కోపం రాలేదు. ఆ ముసలాయన అంత తియ్యగా ఏమడిగాడో తెలియలేదన్నదొక్కటే మనసులో మెదిలేది. అమ్మ ఎలా ఉందని అడిగి ఉంటాడని చివరికి తనే నిశ్చయించుకున్నాడు. ఆ ప్రశ్న పట్టుకుని బనీకి తిరిగొచ్చాడు.

చలికాలపు లీగులో మా ఊరి జట్టుకు ఆ ప్రశ్నతోనే అతను ఎన్నో ఏళ్లు అన్నం పెట్టాడు. చూడటానికి పని సులువు. బంతి విసిరే పిచర్‌కు దాన్ని ఇచ్చినట్టే ఇచ్చి గ్లవ్‌లో దాచుకోవాలి. పిచర్ దిబ్బ ఎక్కకుండా చెమట తుడుచుకుంటూ, బూటుతాడు కట్టుకుంటూ కిందే తచ్చాడాలి. బేస్ మీదివాడు ముందుకు అడుగేయగానే తాకించాలి. కష్టమంతా ఆ అడుగు వేయించడంలో ఉంది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. రఫీనో నోరు అంత మంచిది. అతను అబద్ధం ఆడడు. దొంగ ప్రశ్న వేయడు. మీ అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా అని అడిగితే, ఆవిడకు మోకాలి నొప్పి ఉన్నట్టే, అది అతనికి తెలిసినట్టే, తగ్గితే అతను సంతోషించేటట్టే. జవాబు చెప్పేవాడు ఇంటి ధ్యాసలో పడి కాలు కదిపేవాడు. తాకించాక కూడా రఫీనో అతన్ని మైదానం అంచుదాకా సాగనంపుతూ, మోకాలికి ఏ ఆకు కట్టాలో చెప్పేవాడు. ఆ ఆకు కట్టి తగ్గినవాళ్లున్నారు.

ఎల్పీడియో ఈలోగా ఉత్తరాది జట్టుకు క్యాచర్‌గా కుదిరి, అక్కడే రొసౌరా అనే పిల్లను పెళ్లాడి స్థిరపడ్డాడు. రఫీనోకు కూతురు పుడితే, జ్ఞానస్నానం నాడు బిడ్డను ఎత్తుకున్నది ఎల్పీడియోయే. ఆ రోజునుంచి ఇద్దరూ ఒకరికొకరు కొంపాద్రేలు. మా దగ్గర ఆ బంధం కలిసిందంటే రక్తసంబంధం దాని ముందు దిగదుడుపే. చిన్నప్పుడు ఒకే మామిడిపండు చీకినవాళ్లయినా సరే, ఇక నువ్వు అనుకోకూడదు, మీరు అనాలి. వాళ్లు తాగి తగాదా పడినప్పుడు కూడా, ‘మీరు గాడిదండి కొంపాద్రే’ అనుకునేవాళ్లు.

ఆ ఏడు జనవరిలో రెండు జట్ల మధ్య ఆఖరి ఆట. గెలిచినవాళ్లు ముందుకు, ఓడినవాళ్లు ఇంటికి. ఆఖరి వంతులో మేము ఒక్క పరుగు ముందున్నాం, వాళ్లకు ఇద్దరు అవుటయ్యారు, ఇంకొక్కడు పోతే ఆట ముగిసినట్టే. అప్పుడు ఎల్పీడియో కొట్టాడు. బంతి ఎక్కడో కంచె మూలకు పోయింది. అతని మోకాళ్ల సంగతి తెలిసినవాళ్లంతా అతను మొదటి బేస్ దగ్గర ఆగుతాడనుకున్నారు. ఆగలేదు. గుర్రబ్బండి గతుకుల్లో పడ్డట్టు ఊగుతూ రెండో బేస్ చేరి, దాని మీద నిలబడి రొప్పాడు. బంతి తిరిగి రఫీనో చేతికొచ్చింది. రఫీనో పిచర్ దాకా వెళ్లి, భుజం తట్టి, వెనక్కి వచ్చాడు. పిచర్ వంగి బూటుతాడు విప్పసాగాడు.

కొమాద్రే రొసౌరా పన్ను పీకించుకుందని విన్నాననీ, వాపు తగ్గిందా అనీ రఫీనో అడిగాడు. తగ్గిందన్నాడు ఎల్పీడియో. మరి అన్నం తింటోందా అన్నాడు రఫీనో. ఆ మాటకు ఎల్పీడియో ముఖం ఒక్కసారిగా వికసించింది. అటూ ఇటూ చూశాడు. ఇంత పెద్ద మనిషీ వంగి, స్నేహితుడి చెవి అందుకోవడానికి ఒక అడుగు ముందుకేశాడు.

“కొంపాద్రే, ఇంకా మా అమ్మకి కూడా చెప్పలేదు. రొసౌరాకి నెల తప్పింది.”

తొమ్మిదేళ్లుగా ఆ దంపతులు మొక్కని మొక్కు లేదు. రఫీనో చెవి ఆ మాట విన్నది. కానీ అప్పటికే రఫీనో చెయ్యి బయల్దేరిపోయింది. గ్లవ్ వెళ్లి ఎల్పీడియో పొట్టకు ఆనింది.

అంపైర్ దోన్ సీస్తో, ముఖంలో ఏ భావమూ లేని మనిషి, పిడికిలి పైకెత్తాడు. ఆట అయిపోయింది. జనం కంచె దూకి వచ్చి రఫీనోను భుజాలకెత్తుకున్నారు. ఎల్పీడియో మాత్రం నోరు తెరిచి, వంగిన నడుం వంగినట్టే ఉండిపోయాడు. భుజాల మీద ఊరేగుతున్న రఫీనో వెనక్కి తిరిగి, శుభాకాంక్షలు కొంపాద్రే అని అరిచాడు. అరవకుండా ఉంటే బాగుండేది.

“నువ్వు నాతో మాట్లాడకు,” అన్నాడు ఎల్పీడియో.

ఓడిపోయినందుకు తిడితే ఎవరూ పట్టించుకోరు. కొంపాద్రేని నువ్వు అనడం బనీలో ఎవరూ విని ఎరగరు.

ఆ సాయంత్రం ఉత్తరాదివాళ్ల గదిలో ఎల్పీడియో అందరి ముందూ ప్రకటించాడట, తనకు పుట్టబోయే బిడ్డను జ్ఞానస్నానం నాడు ఎత్తుకునేది దోన్ సీస్తో అని. మతిపోయిందా, నిన్ను అవుట్ అన్నది ఆయనే కదా అన్నారు తోటివాళ్లు. ఆ మైదానంలో తన ఇంటి సంగతులు అడక్కుండా తన పని తను చేసుకున్నది ఆయనొక్కడేనని జవాబు. అన్నట్టే చేశాడు కూడా. పిల్లవాడు పుట్టాడు. దోన్ సీస్తో నల్లకోటు వేసుకుని వెళ్లి, బిడ్డను అడ్డంగా పట్టుకోవాలో నిలువుగా పట్టుకోవాలో పాదిరిని అడిగి మరీ ఎత్తుకున్నాడు. రఫీనోకు కబురు లేదు.

ఇంట్లో రఫీనో భార్య మిలాదిస్ ఎల్పీడియో పక్షం. ఆవిడ అరవలేదు, ఏడవలేదు. అన్నం గిన్నె అడుగున పట్టే కరకరలాడే మాడు ఇంటి యజమానికి పెట్టడం మా దగ్గర మర్యాద. ఆవిడ ఆ మాడు తీసుకెళ్లి కోళ్లకు వేసింది.

“అది మనుషులకి. నీకెందుకు?” అంది.

దానికి రఫీనో తట్టుకునేవాడే. తట్టుకోలేనిది ఊరి మౌనం. మంగలి షాపులో అతని ఫొటో పెట్టారు, మూలకొట్టులో అతని చేత రమ్ము తాగించారు. కానీ ఎవరూ ఏమీ చెప్పడం మానేశారు. అమ్మ ఎలా ఉందని అడిగితే ముందు అతని చేతుల వైపు చూసేవాళ్లు. పాదిరి ప్రసాదం పెట్టబోతూ, ముందు అరచేతులు చూపించమన్నాడని ఒక పుకారు. పాదిరి కాదన్నాడు, కానీ నవ్వుతూ కాదన్నాడు. తర్వాతి సీజన్‌లో రెండో బేస్ చేరిన ప్రతివాడూ దాన్ని రెండు కాళ్లతో తొక్కిపట్టి, బంతి ఎక్కడుందో చూపించమని దోన్ సీస్తోను అడిగేవాడు. రఫీనో వాళ్లను ఏమీ అడగలేదు. మాట లేకపోయేసరికి కాళ్లూ కదల్లేదు. కుక్కపిల్లల్లా వచ్చే బంతులు ఊరకుక్కల్లా పక్కనుంచి పోసాగాయి.

ఒకసారి ఒరేగానో ఆకు మేసి బలిసిన మేకను తాడు కట్టి, బస్సులో ఎక్కించుకుని ఉత్తరాదికి వెళ్లాడు. ఎల్పీడియో తలుపు తీయలేదు. రొసౌరా వచ్చి కాఫీ ఇచ్చింది. మేకను తీసుకుంది. మనిషిని మాత్రం లోపలికి పిలవలేకపోయింది. తిరుగు ప్రయాణంలో బస్సువాడు మేక ఏదని అడిగితే, అడిగినవాడు ఒకడున్నందుకు రఫీనో బనీ దాకా కథంతా చెప్పాడు.

కూతురు చర్చిలో మొదటిసారి సత్ప్రసాదం తీసుకునే పండగ వచ్చింది. తండ్రుల మధ్య ఏమున్నా, ఎత్తుకున్న బిడ్డ పండగకు రాకపోతే పాపం. ఎల్పీడియో ఇస్త్రీ చొక్కాతో, భార్యతో, చంకన పిల్లవాడితో దిగాడు. చర్చిలో పూజ అయ్యాక భోజనాలు. మేకమాంసం, అన్నం, ఎర్ర చిక్కుళ్లు. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టింది మిలాదిస్, కావాలనే. ఎల్పీడియోకు ఏది కావాలన్నా భార్యకు చెప్పేవాడు.

“ఆ మనిషిని ఉప్పు ఇటు జరపమను.”

మధ్యలో తనెందుకు, బల్ల వెడల్పు మూరెడే కదా అంది రొసౌరా. రఫీనో ఉప్పు జరిపాడు. మాట్లాడలేదు. వాడు వాగుతాడు, నేను కసురుతాను అని దారి పొడుగునా సిద్ధపడి వచ్చిన ఎల్పీడియోకు ఆ మౌనం మింగుడుపడలేదు. మాంసం నములుతూ రెండుసార్లు అతని వంక చూశాడు. మనిషి చిక్కిపోయాడు. పిల్లవాడి పేరు కూడా అడగలేదు. రఫీనో పెగేరో ఒక పిల్లవాడి పేరు అడగకపోవడం ఎల్పీడియో భరించలేకపోయాడు.

“ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు,” అన్నాడు చెంచా కింద పెట్టి. “నేను ఆ మాట చెప్పినప్పుడు నీకు వినపడిందా లేదా?”

మిలాదిస్ గరిట పట్టుకుని అలాగే నిలబడింది. జనం హోరులో వినపడలేదంటే సరిపోయేది. రఫీనో ప్లేటు పక్కకు జరిపాడు.

“వినపడింది. చెయ్యి అప్పటికే బయల్దేరింది. కానీ కొంపాద్రే, ముందే వినపడి ఉన్నా ఆ చెయ్యి ఆగేదని ప్రమాణం చెయ్యలేను. ఏడాదినించీ దాన్నే అడుగుతున్నాను. అది చెప్పట్లేదు.”

ఎల్పీడియో ముక్కు ఎగబీల్చాడు. తర్వాత అతని పొట్ట కదిలింది. తర్వాత భుజాలు. అతను నవ్వుతున్నాడని అందరికీ అర్థమయ్యేసరికి కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి.

“వినపడలేదని అంటే లేచి వెళ్లిపోదామనుకున్నానండీ,” అన్నాడు. “మీరు దొంగే కానీ అబద్ధాలకోరు కాదు.”

ఆ ‘మీరు’ విని మిలాదిస్ వంటింట్లోకి వెళ్లి, గిన్నె అడుగు గీకి, మాడంతా ఒక ప్లేటులో తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది. రఫీనో ఇక ఆపుకోలేకపోయాడు. పిల్లవాడి పేరేమిటి, పళ్లెన్ని వచ్చాయి, పక్క తడుపుతాడా, పగలు ఎంతసేపు పడుకుంటాడు అని అడుగుతూనే ఉన్నాడు. రొసౌరా ఆవలించేదాకా అడిగాడు.

జరిగిన జ్ఞానస్నానం మాత్రం జరిగినట్టే. దోన్ సీస్తో ఇక ఎప్పటికీ కొంపాద్రేయే. ఆదివారాలు ముగ్గురూ డామినోస్ ఆడుతుంటే, ఆయన తన వంతు కాకపోయినా ప్రతి ముక్కకూ తీర్పు చెప్పేవాడు. తన ముక్కకు తనే వ్యతిరేకంగా తీర్పు చెప్పుకుని ఓడిపోయిన రోజులున్నాయి.

రఫీనో ఇంకో రెండు సీజన్లు ఆడాడు. బంతి దాచడం మానలేదు, కానీ ఎవరూ పడలేదు. వాళ్లు పడకపోయినా కుశలం అడగడం మానలేదు. మళ్లీ జవాబులు రావడం మొదలయ్యాయి, కాళ్లు మాత్రం బేస్ మీదే పెట్టుకుని. వీడ్కోలు రోజున మధ్యాహ్నం ఆటకు ముందు క్లబ్బువాళ్లు అతనికి ఒక ఊగే కుర్చీ బహూకరించి, మైకు చేతికిచ్చారు. ఇవ్వకూడని వస్తువు అది. అతను ముందు వరుస నుంచి మొదలుపెట్టి, కూర్చున్నవాళ్లను పేరుపేరునా పలకరించసాగాడు. మూడో వరుసకు వచ్చేసరికి ఎవరో మైకు తీగ పీకేశారు. అతను గమనించలేదు. ఎక్కడో పైనుంచి ఒక ముసలావిడ, ఇంటి కప్పు ఇంకా కారుతూనే ఉందని, వస్తానన్నవాళ్లెవరూ రాలేదని చెప్పింది. సోమవారం తను వస్తానన్నాడు రఫీనో.

సోమవారం పొద్దున్నే రేకు నెత్తిన పెట్టుకుని నిజంగానే వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి సాయంత్రమైంది. రేకు బిగించడానికి పట్టింది మాత్రం కాసేపే.