గోడ మీద చారు గిన్నె

మా పక్కింటి పాస్టరమ్మ గారు పోయిన ఆదివారం ఉదయం కన్నుమూశారు. చర్చికి వెళ్ళడానికి చీర కట్టుకుని, మంచం మీద కూర్చుని, అలాగే ఒరిగిపోయారట. అల్లూరులో మా వీధి వీధంతా ఏడ్చింది. నాకు ముందు సిగ్గేసింది, ఏడుపు తర్వాత వచ్చింది.

ఆవిడకూ నాకూ ఒక్క విషయంలో ఏనాడూ కుదరలేదు. కడుపు తీయించుకోవడం పాపమని ఆవిడ, అది ఆ ఆడమనిషి ఇష్టమని నేను. సాయంత్రం పూలు కట్టుకుంటూ మొదలుపెడితే వీధి లైట్లు వెలిగేదాకా వాదనే. నా గొంతు పెద్దది. ఆవిడ గొంతు పెంచేవారే కాదు, అది నాకు ఇంకా మంట.

మా చెల్లెలికి ఇద్దరు పిల్లల తర్వాత మళ్ళీ నెల తప్పింది. ఒంట్లో రక్తం లేదు, మళ్ళీ కనే ఓపికా లేదు. వద్దనుకుంది. నెల్లూరు ఆసుపత్రికి తీసుకెళ్ళి, అక్కడి నుంచి మా ఇంటికే తీసుకొచ్చాను. తనే రాయమంది కాబట్టి రాస్తున్నాను. మర్నాడు నేను పాఠాలు చెప్పడానికి కాలేజీకి వెళ్ళిపోయాను. హక్కుల గురించి అంతంత మాట్లాడేదాన్ని, దానికి ఏం వండిపెట్టాలో ఆలోచించలేదు. తిరిగొచ్చేసరికి చెల్లెలు మిరియాల చారన్నం తింటూ ఏడుస్తోంది. ఎవరో గేటు తట్టి, గోడ మీద గిన్నె పెట్టి వెళ్ళిపోయారంది. ఆ గిన్నె ఎవరిదో నాకు చూడగానే తెలిసింది.

నేను ఊరుకుంటానా? గిన్నె పట్టుకుని వెళ్ళి నిలదీశాను. "పాపమంటారు, మళ్ళీ పథ్యం పెడతారా?"

"బిడ్డ ఉన్నా లేకపోయినా ఒళ్ళు బాలింత ఒళ్ళే గదమ్మా" అన్నారు. మా వైపు కడుపు తీయించుకున్నవాళ్ళందరికీ ఇలాగే చారు కాచి ఇచ్చేవారట; అందరు బాలింతలకూ వండే సొరచేప పిట్టు మాత్రం వాళ్ళకు వండేవారు కాదట. "అది తింటే పాలు పడతాయి. ఆ పిల్లకు అదో బాధ దేనికి?"

ఆ రోజే అడిగారు. "నన్ను చూస్తే నీతులు చెప్తానని తలుపు తియ్యరు. అందుకే గోడ మీద పెట్టి వచ్చేస్తా. నువ్వైతే లోపలికి రానిస్తారు, పక్కన కూర్చోని తినిపించొచ్చు. చారు నేను కాస్తా, నువ్వు తీసకపో. నా మాట నాకుండనీ, నీ మాట నీకుండనీ."

"ముందు అది పాపం కాదని ఒప్పుకోండి, అప్పుడొస్తా" అన్నాను.

"అది ఒప్పుకోలేను మే" అని నవ్వేసి గిన్నె తీసుకున్నారు. ఆ తర్వాత కూడా మోకాళ్ళు పట్టుకుంటూ ఒక్కరే వెళ్ళేవారు. నేను మా వరండాలోంచి చూస్తూ, వాదనలో గెలిచాననుకునేదాన్ని. ఛీ, నాదీ ఒక గెలుపేనా!

నిన్న వెనక వీధి అమ్మాయిని నెల్లూరు ఆసుపత్రి నుంచి ఆటోలో తెచ్చి దించారు. ఏమైందోనని అప్పుడే గుసగుసలు. ఈ ఉదయం నేను చారు కాచాను. మిరియాలు ఎక్కువయ్యాయి. వాళ్ళ గేటు తట్టి, గోడ మీద పెట్టేసి వచ్చేద్దామనుకున్నాను. తట్టాక మాత్రం గిన్నె పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

"ఎవురూ?" అంది ఆ అమ్మాయి తల్లి, తలుపు తీయకుండానే.

నా పేరు చెప్పబోయి ఆగిపోయాను. "పాస్టరమ్మ గారు చారు పంపించినారు" అన్నాను.

"ఆయమ్మను మొన్ననే గదా మట్టి చేసింది..."

"అవునమ్మా" అన్నాను.

లోపల గడియ తీసిన చప్పుడైంది.