గిటారు లోపలి తోలుముక్క

మోత్కూర్ దోస్తులారా, మన చర్చిలో వెనక చెక్క పగిలిన గిటారు యాదుందా? అది ఇప్పుడు మా ఇంట్లో ఉంది.

బిడ్డ కోసం చిట్యాలలో పాత సామాన్ల దుకాణంలో ఓ గిటారు కొన్నాను. నేర్పే సారు దాని రంధ్రంలో చెయ్యిపెట్టి ముఖం చిట్లించాడు. "లోపల గీ తోలేంది? ఎవలు అంటించిండ్రు?"

నేనూ తడిమాను. గరుకుగా ఉంది, అంచున ఇంకా మేక వెంట్రుకలున్నాయి. మా వాకిట్లో ఉడికే చింతగింజల జిగురు వాసన ముక్కుకు తగిలినట్టయింది. మన చిన్నప్పుడు, డప్పుకు అంటించినట్టే మా తాత ఆ చర్చి గిటారు పగులుకూ తోలు అంటించాడు. ఆ క్రిస్మస్‌కి దాని చుట్టూ చేరి ఎంత గొంతు చించుకున్నాం మనం!

"నీకెరుకనా బాపూ?" అంది బిడ్డ.

డప్పులు చేసే ఇంటివాణ్ణని సారుకు తెలుస్తుందేమోనని, "నాకెట్ల ఎరుకైతది బిడ్డా" అన్నాను.

సారు దాన్ని గీకి పారేశాడు.

ఇప్పుడు ఏ తీగ మీటినా ఆ పగులు జీరగా మోగుతోంది. బిడ్డ ఆపి, నా ముఖంలోకి చూస్తోంది.

"మొన్నటిదాంక మంచిగనే పలికింది గద బాపూ?"